రైలు పోయింది, సైకిలు వచ్చింది

సైకిలు తొక్కడం వచ్చినా రోడ్డెక్కాలంటే చాలామందికి భయం. వెనక లారీ హారను కొడితే చాలు, చేతులు వణుకుతాయి. మరి లారీలు, బస్సులు రాని దారి ఉంటే?

ఇంగ్లండులో అలాంటి దారి ఒకటి ఉంది. అక్కడ బ్రిస్టల్, బాత్ అనే రెండు ఊళ్ల మధ్య 1869లో రైలు మార్గం వేశారు. 1966లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. తర్వాత పట్టాలు తీసేశారు. కట్ట మాత్రం మిగిలింది. దాని మీద పొదలు పెరిగాయి.

సైకిలు తొక్కేవాళ్లు కొందరు ఆ కట్టను చూశారు. వాళ్లే ముందుకొచ్చి పారలు పట్టారు. పొదలు కొట్టి, నేల చదును చేశారు. 1979లో మొదలైన పని 1986కి పూర్తయింది. ఆ దారి పొడవు సుమారు 21 కిలోమీటర్లు.

రైలు నిటారుగా ఉన్న మెట్ట ఎక్కలేదు. అందుకే రైలు దారి వేసేటప్పుడు మెట్ట వస్తే తవ్వుతారు, పల్లం వస్తే మట్టి పోస్తారు. అప్పుడు రైలు కోసం పడ్డ ఆ కష్టం ఇప్పుడు సైకిలుకు సుఖమైంది. పిల్లలు, పెద్దవాళ్లు కూడా ఆయాసం లేకుండా పోతారు. ఒకచోట సొరంగం వస్తుంది. లోపల దీపాలు ఉన్నాయి. అక్కడక్కడ రోడ్డు దాటాలి, అంతే. నడిచేవాళ్లకూ ఇదే దారి. కాబట్టి ముందు మనిషి కనిపిస్తే బెల్లు కొట్టి, మెల్లగా పోవాలి. పొద్దున బయలుదేరి, దారిలో సద్ది తిని, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

2008లో ఈ దారిలో కొంత మేర బస్సులు నడపాలన్నారు. జనం ఊరుకోలేదు. వేలమంది తమ పేర్లు రాసి అర్జీ పెట్టారు. బస్సుల ఆలోచన మానుకోక తప్పలేదు.