శాంతిస్థాపన యొక కాయకము

శరణమార్గమున కాయకము పూజకంటె వేరు కాదు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మాదర చన్నయ్య తోలుపని చేసెను. చేతిపని శుద్ధముగ నున్నచో అదియే లింగార్చనయని వారి జీవితములు చాటినవి. కలహించిన రెండు వాడల నడుమ నిలిచి మాట కలుపువాని పనియు అట్టి కాయకమే. దానికిని అభ్యాసము కావలయును, ఓర్పు కావలయును, తూకము తప్పని చేయి కావలయును. నారాయణఖేడ్ ప్రాంతపు చరిత్రయే ఈ కాయకమునకు చక్కని పాఠ్యగ్రంథము.

కల్యాణము నేర్పిన పాఠము

తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు కలిసి వినవచ్చు ఈ సీమకు బసవేశ్వరుని కల్యాణము దూరము కాదు. పన్నెండవ శతాబ్దమున అచ్చటి అనుభవ మంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడై యుండగా, కులవృత్తి భేదము లేక స్త్రీపురుషులు కూర్చుండి ప్రశ్నించిరి, ప్రత్యుత్తరములు చెప్పిరని సంప్రదాయము. ఒకరి మాట నొకరు చివరి వరకు వినుట ఆ సభకు ప్రాణము.

అట్టి పట్టణమే రక్తపాతమునకు లోనయ్యెను. చర్మకారుడైన హరళయ్య ఇంటికిని, బ్రాహ్మణ జన్ముడైన మధువరసు ఇంటికిని వియ్యము కుదిరినందుకు వారిరువురు బిజ్జలుని క్రూరశిక్షకు గురియైరి. అనంతరము బిజ్జలుడు హతుడయ్యెను. ఈ ఘట్టమును పురాణములు వేర్వేరు రీతుల చెప్పుచున్నవి. కాని ఫలితమున భేదము లేదు. శరణులు చెదరిపోయిరి. చన్నబసవన్న మొదలగువారు ఉళివి చేరిరి. మంటపమున సభ నిలిచిపోయెను.

ఇందు గ్రహింపదగినవి రెండు. ఆ వివాహము శాంతిభంగము కాదు. దానిని సహింపలేని అహంకారమే శాంతిభంగము. కావున న్యాయమడిగినవానిని “ఊరి శాంతికై ఊరకుండుము” అనుట శాంతిసేవ కానేరదు. అట్లే, రాజును కూల్చిన ఖడ్గము మంటపమును కాపాడలేకపోయెను. బాధితుని నోరు మూయింపకుండుట, వాని చేతికి కత్తి నందింపకుండుట అను రెండు నియమములు శాంతిసేవకునికి సమానముగ విధింపబడినవి.

1948 నాటి పరీక్ష

నారాయణఖేడ్ తాలూకా 1956 నవంబరు 1వ తేదీ వరకు బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనలో అది ఆంధ్రప్రదేశమునకు చెంది మెదకు జిల్లాలో చేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. నిజాము పాలన అంతమగు దినములలో బీదరు జిల్లా ఘోరమైన హింస చూచెను. 1948 మే మాసమున ఆ జిల్లాలోని గోర్టా గ్రామమున రజాకార్లు అనేకులను వధించిరి. సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. కొలది దినములలో నిజాము లొంగిపోయెను. ఆ వెనుక ప్రతీకారము చెలరేగి, రజాకార్లతో సంబంధమే లేని ముస్లిము కుటుంబములపై పడెను.

అప్పుడు భారత ప్రభుత్వము పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అను మువ్వురిని సౌహార్ద యాత్రకు పంపెను. వారు 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగిరి. 7 జిల్లా కేంద్రములను, 21 పట్టణములను, 23 గ్రామములను చూచిరి. తాము పోజాలని 109 గ్రామములకు చెందిన 500 మందికి పైగా జనులను విచారించిరి. రాజ్యమంతట 27,000 నుండి 40,000 వరకు ప్రాణములు పోయి యుండునని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి నష్టపడినవని వారు వ్రాసిరి. ఆ నివేదిక దశాబ్దముల పాటు ప్రజలకు అందకుండెను.

తనవారికి జరిగిన అన్యాయమును చెప్పుట సులభము. తనవారి పేర జరిగిన అన్యాయమును వినుట కష్టము. గోర్టా మృతులను స్మరించు కుటుంబము, సెప్టెంబరు తరువాతి మృతులను గూర్చియు వినగలుగుటయే నిజమైన పరీక్ష. ఒక దుఃఖము మరియొక దుఃఖమును చెరిపివేయదు. దయయే ధర్మమునకు మూలమని బోధించిన గురువు, ఆ దయకు కులమతముల హద్దు గీయలేదు.

మగ్గము తెగని బంధము

ఆ నివేదికలోనే ఆశ కలిగించు భాగమును కలదు. కొన్నిచోట్ల హిందూ సాలెవారు తమతోడి ముస్లిము నేతగాండ్రను కాపాడిరనియు, ఆ ప్రయత్నమున తామును ప్రాణములు కోల్పోయిరనియు అందు వ్రాయబడినది. అపహరింపబడిన స్త్రీలను తిరిగి చేర్చుటకు అనేకులు హిందువులు తోడ్పడిరనియు కలదు.

నేతగాండ్రలో ఈ తెగువ ఏల కలిగెను? ఒకే నూలు, ఒకే సంత, ఒకే షావుకారు వద్ద అప్పు, ఒకే ఆకలి వారిని ఏండ్ల తరబడి కలిపి యుంచినవి. కష్టదినము వచ్చిన పిదప పుట్టిన స్నేహము కాదది. జేడర దాసిమయ్య వంటి శరణుడు మగ్గము ముందు కూర్చుండియే శివానుభవము పొందెనను మాటకు ఇక్కడ క్రొత్త అర్థము దొరకుచున్నది. కలిసి చేసిన కాయకము మనుష్యులను కలిపియుంచును. వాడల మధ్య పని, పెట్టుపోతలు, రాకపోకలు తెగిన ఊరిలో వదంతికి అడ్డుకట్ట యుండదు.

కారణమును తొలగించుట

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు చెంత శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. అందులకై వార్ధా ప్రాంతము నుండి కాలినడకన వచ్చిన వినోబా భావే, పిదప భూపోరాటముతో అట్టుడుకుచున్న తెలంగాణ గ్రామములకు నడిచెను. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు తమకు 80 ఎకరములు కావలయునని కోరిరి. వినోబా ఆ ప్రశ్నను ఊరివారి ముందే యుంచగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములిచ్చెదనని లేచెను. భూదానమునకు అదియే నాంది. తరువాత దానముగ వ్రాసిన భూములన్నియు పేదలకు చేరలేదు. ఆ లోపమును మరువరాదు. అయినను వినోబా ఆనాడు మొదట ఉపదేశింపలేదు, మీకేమి కావలయునని యడిగెను. దాసోహము అన్నదానముతో ముగియదు. కలహమునకు మూలమైన కొరతను తీర్చుటయు దాసోహమే.

నేటి కర్తవ్యము

2023లో పార్లమెంటు ఆమోదించిన మధ్యవర్తిత్వ చట్టము సాముదాయిక మధ్యవర్తిత్వమునకు చోటిచ్చినది. ఇరుపక్షముల సమ్మతితో, మువ్వురు మధ్యవర్తులు, ఊరి సామరస్యమునకు భంగకరమైన వివాదమును పరిష్కరింప యత్నింతురు. అట్టి ఒప్పందము కోర్టు డిక్రీవలె అమలు చేయదగినది కాదు; ఇచ్చిన మాటయే దానికి బలము.

మఠములును కుటుంబములును ఆచరింపదగిన పద్ధతి ఇది. వదంతి వినినంతనే సంబంధించినవారి ఇంటికి పోయి నిజము తెలిసికొనవలయును. ఉత్సవపు ఊరేగింపు మార్గమును ఇతర మతముల పెద్దలతో ముందుగనే మాటలాడుకొనవలయును. ఉభయులను మొదట వేర్వేరుగ, పిదప కలిపి వినవలయును. స్త్రీలకు, యువకులకు సభలో మాట దక్కవలయును. కుదిరిన మాటను అందరికిని తెలిసిన భాషలో వ్రాసి, నెల గడిచిన పిమ్మట మరల పోయి చూడవలయును.

హద్దును గుర్తెరుగుటయు ముఖ్యము. హత్య, అత్యాచారము, కులము పేర దౌర్జన్యము జరిగినచోట రాజీ మాట తగదు. అది పోలీసులకును న్యాయస్థానమునకును చెందినది. బలహీనునిచే ఫిర్యాదు వాపసు తీయించు పెద్దరికము శాంతిసేవ కాదు. అది బిజ్జలుని శిక్షకు మారురూపము.

మననమునకు

1. మన వీధిలో అన్యమతస్థులతో, అన్యకులస్థులతో కలిసి చేయు పని ఏది కలదు? ఏది తగ్గిపోయినది?
2. మనవారు చేసిన తప్పును బాధితుని నోట చివరి వరకు వినగలమా?
3. ఇంట పిల్లలకు 1948 నాటి కథను చెప్పునపుడు, కాపాడినవారి కథను కూడ చెప్పుచున్నామా?

మూడవ ప్రశ్నకు ప్రతి గృహమున ఔనను ఉత్తరము వచ్చుగాక. శరణు శరణార్థి.