డోలక సూచికలు – వాటి లెక్క, వాటి హద్దు

పూర్వము వాటాలు కొనవలెనన్న దళారి కార్యాలయపు గడప తొక్కవలసియుండెడిది. హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి 1943లో ఏర్పడి 2007లో గుర్తింపును కోల్పోయినది. నేడు జగిత్యాల బస్టాండులో నిలుచున్న కుర్రవాడు సైతము చేతిలోని ఫోను మీదనే కొనుచున్నాడు, అమ్ముచున్నాడు. ఆ ఫోను తెర మీద ధర గీత క్రింద మరియొక సన్నని గీత 0 నుండి 100 వరకు ఊగుచుండును. అది 30 క్రిందికి దిగిన కొనుడు, 70 పైకి పోయిన అమ్ముడు అని బోధించు వీడియోలకు కొదువ లేదు. ఆ గీతను ఎవరు గీచిరో, ఏ లెక్కతో గీచిరో తెలిసికొనకయే ఆ మాటను నమ్మువారు మన తరగతులలోనే ఉన్నారు. గల్ఫులో తండ్రి చెమటోడ్చి పంపిన సొమ్ము, కోరుట్లలో తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ము ఈ గీతను నమ్మి పోవుచున్నది గనుక దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పదలచితిమి.

సిరిసిల్ల విద్యార్థులకు మరమగ్గము తెలియును. నాడె ఒక కొస నుండి వేరొక కొసకు పోవును, తిరిగి వచ్చును. ఆ రెండు కొసలు దాటి పోదు. భౌతికశాస్త్రము ఇట్టి ఊగుటను డోలనము అనును. వాటా ధరకు అట్టి కొసలు లేవు. నూరు రూపాయల వాటా వేయి కావచ్చును, సున్నయు కావచ్చును. ధర పెరుగుదల తరుగుదలల ఊపును లెక్కించి, దానిని రెండు హద్దుల నడుమ బిగించి చూపునదే డోలక సూచిక, అనగా ఆసిలేటర్. ఊగునది సూచిక, ధర కాదు. ఈ భేదమును మరచుటయే పెక్కు నష్టములకు మొదలు.

ఇట్టి సూచికలు అనేకములు కలవు. అమెరికాలో జార్జి లేన్ 1950ల నుండి ప్రచారము చేసిన స్టోకాస్టిక్ ఒకటి. జెరాల్డ్ ఆపెల్ 1970లలో రూపొందించిన ఎం.ఏ.సి.డి. వేరొకటి, దీనికి 0, 100 అను హద్దులు లేవు, సున్నకు అటు ఇటు ఊగును. మిక్కిలి వాడుకలోనున్నది సాపేక్ష బల సూచిక, అనగా ఆర్.ఎస్.ఐ. దీనిని జె. వెల్స్ వైల్డర్ అను మెకానికల్ ఇంజనీరు 1978లో ప్రకటించెను. చేతి కాలిక్యులేటరుతో చేయదగిన లెక్క ఇది.

లెక్క ఇట్లు సాగును. వరుసగా 14 రోజుల ముగింపు ధరల మార్పులను వ్రాసికొనవలెను. పెరిగిన రోజుల పెరుగుదల మొత్తము 28 రూపాయలు, తగ్గిన రోజుల తరుగుదల మొత్తము 14 రూపాయలు అనుకొందము. ఈ రెంటిని 14 చేత భాగించిన సగటు పెరుగుదల 2, సగటు తరుగుదల 1. ఈ రెంటి మొత్తము 3. అందులో పెరుగుదల వంతు నూటికి 66.7. అదియే సూచిక. మరునాడు ధర 9 రూపాయలు పెరిగినచో పాత సగటును 13తో హెచ్చించి, నేటి మార్పును కలిపి, 14తో భాగింతురు. పెరుగుదల సగటు 2.5, తరుగుదల సగటు 0.93 అగును. సూచిక 72.9కి చేరును. తెర మీద "అతిగా కొనబడినది" అని కనబడును.

విద్యార్థులు ఇచ్చట ఒక్క క్షణము ఆగి చూడవలెను. ఈ లెక్కలోనికి వచ్చినవి ఏవి? గడచిన ధరలు మాత్రమే. కంపెనీ ఆదాయము రాలేదు, అప్పు రాలేదు, దానిని నడుపువారి నీతి రాలేదు. 70, 30 అనునవి ప్రకృతి నియమములు కావు, వాడుకలో స్థిరపడిన గుర్తులు మాత్రమే.

మన తెలుగు వారికి సత్యం కంప్యూటర్స్ కథ తెలియనిది కాదు. మేటాస్ కంపెనీలను కొనుటకు 2008 డిసెంబరు 16న ప్రకటన చేసి వెనుకకు తీసికొనగా, మరునాడు వాటా ధర ఒక్కరోజున సుమారు మూడవ వంతు పడి 158 రూపాయల దరిదాపులకు వచ్చినది. ఇంతగా పడినది లేవక తప్పదని కొన్నవారు తప్పు చేసినట్లు మూడు వారములపాటు ఎవరికిని తోచలేదు. నడుమ ఇంకను తగ్గినను, 2009 జనవరి 6 నాటికి ధర 179 దగ్గర నున్నది. జనవరి 7న రామలింగరాజు లేఖ వెలువడెను. లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని అందు ఒప్పుకొనెను. ఆనాటి ముగింపు ధర సుమారు 40. పదునాలుగు రోజుల సగటులో ఆ లేఖ యొక్క నీడయైనను ఉండుటకు వీలు లేదు.

పై దిశలోను ఇదే చిక్కు. 1992లో హర్షద్ మెహతా కాలమున సెన్సెక్సు జనవరి నడుమ 2,000 దాటి, మార్చి ముగియునప్పటికి 4,000 చేరినది. రెండున్నర నెలలలో ఇబ్బడియైన విపణిలో ఈ సూచిక పెక్కు దినములు పైకొసనే పట్టుకొని వ్రేలాడక తప్పదు. 70 దాటినదని మొదటనే ఎదురుబేరము ఆడినవాడు, ఏప్రిల్ తరువాత విపణి కూలిన మాట నిజమే అయినను, అంతవరకు నిలువలేకపోయి యుండును.

మనకు మరింత దగ్గరి ఉదాహరణము పసుపు. కోరుట్ల, మెట్‌పల్లి రైతుల పంట నిజామాబాదు మార్కెట్టుకు పోవును. అక్కడి ధర ముందస్తు బేరముల విపణికిని ఆధారము. 2010లో క్వింటాలు పదిహేను వేల దరికి ఎక్కిన పసుపు, ఆ ధర చూచి సాగు పెరుగగా 2012 నాటికి నాలుగు వేల ప్రాంతమునకు జారినది. అంత దీర్ఘముగా జారునపుడు సూచిక ఒకమారు కాదు, పలుమారులు కొనుమని చెప్పగలదు. ప్రతిమారు కొన్నవాని గతి ఏమి? తొమ్మిది నెలల పంట; విత్తిన ఎకరములను, వానను ఈ సూచిక ఎరుగదు. మా అభిప్రాయములో ఈ విషయమున మార్కెట్టు యార్డులోని హమాలీ దానికంటె ఎక్కువ ఎరుగును.

అయినచో ఇది వట్టి బూటకమా? కాదు. ధర కొన్ని నెలలు రెండు హద్దుల నడుమ తిరుగాడు కాలమున ఇది ఉపకరించును. ధర కొత్త ఎత్తునకు పోయినను సూచిక పాత ఎత్తును అందుకొనకున్నచో ఊపు సడలుచున్నదని అనుమానించవచ్చును. కాని విపణి హద్దుల నడుమ నున్నదా, ఒక దిశను పట్టినదా అన్నది ముందు తేల్చుకొనవలెను. అదియే కష్టము, దానికి ఈ గీత జవాబు చెప్పదు.

పది మారులలో ఏడు మారులు నిజమగు సూచిక అని ప్రకటించువారు కలరు. అట్లే అనుకొందము. ఏడు మారులు నూరేసి రూపాయలు లాభము వచ్చినది, మూడు మారులు మున్నూరేసి నష్టము వచ్చినది. లాభము 700, నష్టము 900. ఇంక దళారి రుసుము, పన్ను వేరు. కనుక ఎన్నిమారులు గెలిచితిమి అన్నది కాదు, ఓడిన ప్రతిమారు ఎంత పోగొట్టుకొంటిమి అన్నదే ప్రశ్న. నష్టమునకు ముందే హద్దు వ్రాసికొనని పద్ధతి పద్ధతియే కాదు. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2022 నుండి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరములు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు మించినది. వీరిలో పెక్కుమంది తెరల మీదను ఈ గీత ఉండియే యుండును.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు కళాశాల సంఘమువారు ఒక కంప్యూటరును కేటాయించినచో ఒక అభ్యాసము చేయించవచ్చును. నిజామాబాదు మార్కెట్టు పసుపు ధరలను మూడు సంవత్సరములకు సేకరించి, పై లెక్కను ప్రతిదినమునకు కట్టి, 30 వద్ద కొని 70 వద్ద అమ్మినట్లు కాగితము మీద వ్రాయవలెను. ప్రతి బేరమునకు రుసుము తీసివేయవలెను. మొదటి రెండు సంవత్సరముల ధరలతో నియమము కుదుర్చుకొని, మూడవ సంవత్సరపు ధరలను అంతవరకు మూసి ఉంచవలెను. వాటిని తెరచిన పిదప నియమమును మార్చరాదు.