గుండెకు పైపొర వేసే కణాలు



గర్భవతుల ఓపీలో మేము తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. “బిడ్డ గుండెలో లోపం ఉందన్నారు, తల్లి ఏం తప్పు చేసింది డాక్టరమ్మా?” అడిగేది చాలాసార్లు అత్తగారే. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, కత్తిపీట ముట్టుకుందనో ఇంట్లో తీర్పు ముందే అయిపోయి ఉంటుంది. గ్రహణానికీ గుండెకూ ఏ సంబంధమూ లేదు. గుండె ఎలా తయారవుతుందో, అదీ ఎంత తొందరగా తయారవుతుందో తెలిస్తే ఈ నింద చాలావరకు పోతుందని ఈ పాఠం రాస్తున్నాము.

గర్భం నిలిచిన 22వ రోజు ప్రాంతంలో పిండం గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అంటే తల్లికి ముట్టు వారం రోజులు ఆలస్యమైందో లేదో అన్న సమయం. అప్పటికి గుండె ఒక చిన్న గొట్టం మాత్రమే. లోపల పలుచని అస్తరు, దాని మీద కండరం. ఆ కండరానికి పైపొర ఇంకా ఉండదు.

ఆ పైపొర పేరు ఎపికార్డియం. కండరమే తన పైభాగాన్ని పొరగా మార్చుకుంటుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం అనుకున్నారు. 1960ల చివరలో కోడి పిండాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశాక అది సరికాదని తేలింది. ఈ పొర బయటి నుంచి వస్తుంది! గుండెలోకి రక్తం ప్రవేశించే చోట, అప్పుడే మొలకెత్తుతున్న కాలేయం పక్కన, ద్రాక్షగుత్తిలాంటి ఒక కణాల ముద్ద ఏర్పడుతుంది. మనిషి పిండంలో నాలుగు, ఐదు వారాల మధ్య ఆ కణాలు గుండెను చేరి, దాని మీద పాకుతూ చుట్టూ కప్పేస్తాయి.

ఇక్కడ కోడిగుడ్డుకు మనం చాలా రుణపడి ఉన్నాము. కోడి పిండంలో ఈ కణాలు మూడో రోజు ప్రాంతంలోనే గుండెను చేరతాయి. ఆ సమయానికి గుడ్డు పెంకు లోపలి పొర ముక్కను చిన్నగా కత్తిరించి దారిలో అడ్డం పెట్టారు. పైపొర సరిగా పడలేదు. కండరం గోడ పలుచగా మిగిలిపోయింది, గుండెకు రక్తం ఇచ్చే కరోనరీ నాళాలు చెడిపోయాయి. మరో పద్ధతిలో కౌజుపిట్ట కణాలను కోడి పిండంలో పెట్టారు. కౌజు కణం మైక్రోస్కోపులో వేరుగా గుర్తుపట్టవచ్చు, కాబట్టి అది ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

అలా తెలిసిందేమిటంటే, పైపొర కణాలన్నీ పైనే ఉండిపోవు. కొన్ని పొరను విడిచి కండరంలోకి దిగుతాయి. కరోనరీ నాళాల చుట్టూ ఉండే కండరపు గోడ ఎక్కువగా వీటితోనే తయారవుతుంది (నాళాల లోపలి అస్తరు మాత్రం ఎక్కువగా వేరే చోటి నుంచి వస్తుంది). గుండెను పట్టి ఉంచే నారను తయారుచేసే కణాలు చాలావరకు వీటి సంతతే. పై గదులకూ కింది గదులకూ మధ్య, కరెంటు వైరుకు తొడుగులా పనిచేసే నారపొరలో కూడా వీటి పాలు ఉంది. పొరలోనే మిగిలిన కణాలు ఊరికే కూర్చోవు. రసాయనాలు పంపి, కండరాన్ని పెరిగి గట్టిపడమని ప్రేరేపిస్తాయి.

అలాంటి రసాయనాల్లో రెటినోయిక్ ఆమ్లం ఒకటి. ఇది విటమిన్ ఎ నుంచి తయారవుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది చాలా ఖచ్చితంగా ఉండాలి. ఇదే జాతికి చెందిన ఐసోట్రెటినాయిన్ అనే మందును మొటిమలకు మాత్రగా వాడతారు. గర్భంలో అది పడితే బిడ్డ గుండె, ముఖ్యంగా పెద్ద నాళాలు బయలుదేరే చోటు, చెడిపోవచ్చు. వాడుతున్నవారు మాత్ర ఆపి కనీసం నెల గడిచే వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. తోటకూర, మునగాకు, క్యారెట్‌లకు భయపడనక్కర లేదు, వాటిని శుభ్రంగా తినవచ్చు.

ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8, 9 మంది గుండె లోపంతో పుడతారు. అన్నీ పైపొర వల్ల వచ్చేవి కావు. చాలా కేసుల్లో ఒక్క కారణమని చూపించలేము. అయితే కొన్నింటిని ముందే తగ్గించవచ్చు. షుగరు ఉన్నవారు గర్భానికి ముందే దానిని అదుపులోకి తెచ్చుకోవాలి. రుబెల్లా టీకా పడనివారు గర్భానికి కనీసం నెల ముందు వేయించుకోవాలి. ఫిట్స్ మాత్రలు వాడేవారు సొంతంగా మానకుండా, మందు మార్చాలేమో డాక్టరును అడగాలి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు నెల ముందు నుంచే వేసుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో అమెరికాలో తయారుచేసి చూపిన విటమిన్ ఇదే. దీని ముఖ్య ప్రయోజనం మెదడు, వెన్నుపాము లోపాలు రాకుండా చూడడం.

లోపంతో పుట్టిన బిడ్డకూ దారి ఉంది. పాలు తాగుతూ ఆయాసపడి చెమటలు పట్టినా, బరువు పెరగకపోయినా వెంటనే చూపించండి. పెదవులు నీలంగా మారితే గంట కూడా ఆగవద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి.

రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారం కంపెనీల్లో మందుల పొడి, సాల్వెంట్ల మధ్య పనిచేసే చెల్లెళ్లకు ఒక మాట. మూడో నెలలో కార్డు రాయించుకోవడానికి వచ్చేసరికి గుండె గదులు, పైపొర ఏర్పడిపోయి ఉంటాయి. పిల్లలు కావాలనుకున్నప్పుడే వచ్చి, మీరు చేసే పని ఏమిటో, చేతికి తగిలేవి ఏమిటో మాకు చెప్పండి. డబ్బా మీద పేరు కాగితం మీద రాసుకొస్తే ఇంకా మంచిది. భర్తను కూడా వెంట తీసుకురండి.