ఒక్క స్నేహం చాలు

పుట్టినరోజు పార్టీ. ఇరవై మంది పిల్లలు. మీ వాడు పరుగున వెళ్లి ఆట మధ్యలో దూరతాడు, తన వంతు రాకుండానే బంతి లాక్కుంటాడు. అయిదు నిమిషాలకే చెవులు మూసుకుని మూలకు చేరతాడు. ‘పెంపకం సరిగా లేదు’ అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ మాట పట్టించుకోకండి.

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) రెండూ ఉన్న బిడ్డ అవస్థ వేరు. ఏడీహెచ్‌డీ కాళ్లను, మాటను ఆగనివ్వదు. ఆటిజం వల్ల ఎదుటివాళ్ల ముఖంలో విసుగు, గొంతులో ఎగతాళి చప్పున అందవు. ఒకటి కొత్తదనం కోరితే, మరొకటి చిన్న మార్పుకే బెదురుతుంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో తన నిర్ధారణ ప్రమాణాల పుస్తకం కొత్త కూర్పు డీఎస్ఎం-5 తెచ్చేదాకా ఆ ప్రమాణాల ప్రకారం ఈ రెండింటినీ ఒకే బిడ్డలో నిర్ధారించే వీలే లేదు. కాబట్టి ఒక్కటే ఉందన్నారని ఆగిపోకండి, రెండోదాని గురించీ డాక్టరును అడగండి. ఆడపిల్లలైతే తోటివాళ్లను అనుకరిస్తూ బళ్లో నెట్టుకొచ్చి, ఇంటికి రాగానే కుప్పకూలుతుంటారు. అది మొండితనం కాదు, అలసట.

ఇక స్నేహం కుదిర్చే పనిలోకి వద్దాం. బిడ్డను గుంపులోకి తోయకండి. ఒక్క పిల్లవాణ్ని ఇంటికి పిలవండి. మీ వాడికి రైళ్లు ఇష్టమైతే, రైళ్లంటే చెవికోసుకునే వాణ్నే వెతకండి. ముప్పావుగంట చాలు. ఏం ఆడతారో, ఎప్పుడు ముగుస్తుందో ముందే బొమ్మలు గీసి చూపించండి. వైకుంఠపాళి, క్యారమ్స్ మంచివి, వంతు ఎవరిదో కంటికి కనిపిస్తుంది. వంతు కోసం ఆగేటప్పుడు చేతికి పని పెట్టండి: పాచిక అందించడమో, లెక్క రాయడమో. ‘బుద్ధిగా ఉండు’ అంటే ఏం చేయాలో వాడికి తెలియదు. ‘వాడు వేసేదాకా పాచిక ముట్టుకోకు’ అంటే తెలుస్తుంది. కళ్లలోకి చూసి మాట్లాడమని ఒత్తిడి చేయకండి, చూపు తిప్పుకునే వింటుండవచ్చు. సరదా తగ్గకముందే ఆట ఆపండి.

అయితే నేర్చుకోవలసింది మన బిడ్డ ఒక్కడేనా? స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లోనే చెప్పాడు, అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుందని. క్లాస్ టీచరుతో ఈ విషయం మాట్లాడండి.

ఈ ఆదివారమే ఒక పిల్లవాడి అమ్మకు ఫోన్ చేయండి. అలాంటి ఫోన్ మీకే వస్తే, దయచేసి మీ బిడ్డను పంపండి.