ఇసుకలో వేడెక్కే బండి

చిరంజీవి అల్లుడికి,

షార్జా వర్క్‌షాప్‌లో నీకు పని పట్టుబడుతోందని విని సంతోషించాను. లివా దిబ్బలకు వెళ్లబోయే వై61 నిస్సాన్ పాట్రోల్‌కి ఎంత పెద్ద రేడియేటర్ వేయాలని అడిగావు. రేడియేటర్ కొనే ముందు ఆ బండిలో వేడి ఏ దారిన బయటికి పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూడు. సగం బండ్లకు కావలసింది కొత్త సామాను కాదు, ఆ దారి తెరవడం.

రేడియేటర్ చలువ పుట్టించదు. నీళ్లు మోసుకొచ్చిన ఇంజిన్ వేడిని గాలికి అప్పగిస్తుంది. నీళ్లకూ గాలికీ తేడా ఎంత ఉంటే అంత వేడి పోతుంది. కూలెంట్ 95 డిగ్రీలుండి, బయట 25 ఉంటే తేడా 70. అక్కడి ఎండాకాలంలో బయట 50కి చేరితే తేడా 45 మాత్రమే. అదే రేడియేటర్, అంతే గాలి, అయినా మూడో వంతుకు పైగా తక్కువ వేడి వదులుతుంది. పైగా ఇసుకలో బండి చిన్న గేర్లో, ఎక్కువ ఆర్‌పీఎంలో, నెమ్మదిగా పోతుంది. హైవే మీద ఎదురుగాలి చేసే పనంతా అక్కడ ఫ్యాన్ ఒక్కటే చేయాలి.

అందుకే ఓనర్‌ని ముందు ఒక మాట అడుగు. దిబ్బ ఎక్కినప్పుడే టెంపరేచర్ మీటర్ ముల్లు లేస్తోందా? అయితే గాలి చాలడం లేదని మొదట అనుమానించు. హైవే మీద వేగం పెంచినప్పుడు లేస్తోందా? అప్పుడు రేడియేటర్ లోపలి పూడిక, వాటర్ పంప్ చూడాలి.

గాలి సంగతి. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఇసుక, పురుగులు, నూనె జిడ్డు పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే కనపడవు. రెండూ విడదీసి, ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెల్లని నీటి ధారతో కడుగు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్స్ వంగిపోతాయి. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ పగిలి ఉంటే, ఫ్యాన్ రేడియేటర్‌లోంచి గాలి లాగకుండా వెనక ఉన్న గాలినే తిప్పుతుంది. ఫ్యాన్‌ని తిప్పే విస్కస్ క్లచ్‌లోని సిలికాన్ నూనె కారిపోతే ఫ్యాన్ జారుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, ఫ్యాన్‌ని చేత్తో తిప్పి చూడు. బిగువు ఉండాలి. బొంగరంలా తిరిగితే క్లచ్ మార్చు.

తర్వాత ఒత్తిడి. నీళ్లూ ఇథిలీన్ గ్లైకాల్ చెరిసగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 15 పీఎస్‌ఐ రేడియేటర్ క్యాప్ ఒత్తిడి నిలబెడితే 129 దాకా మరగదు. క్యాప్ రబ్బరు చీలితే ఆ రక్షణంతా పోతుంది కాబట్టి దాన్ని టెస్టర్‌తో పరీక్షించు. కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువ పీఎస్‌ఐ క్యాప్ వేయకు, పాత హోసులు పగులుతాయి. గ్లైకాల్ కూడా సగానికి మించొద్దు. వేడిని బాగా మోసేది నీళ్లే. ఆ నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి, బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది.

థర్మోస్టాట్ పీకేయమని ఎవరు చెప్పినా వినకు. కొన్ని ఇంజిన్లలో అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కి వెళ్లకుండానే బైపాస్‌లోంచి తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాకే అప్‌గ్రేడ్. పూర్తి అల్యూమినియం రేడియేటర్ మంచిదే. కానీ కోర్ మరీ మందమైతే ఫ్యాన్ దాంట్లోంచి గాలి లాగలేదు. ఆటోమేటిక్ బండి అయితే గేర్‌బాక్స్ నూనెకి విడిగా కూలర్ పెట్టు. ఇసుకలో టార్క్ కన్వర్టర్ పుట్టించే వేడి ఇప్పుడు రేడియేటర్ అడుగు నుంచే పోతోంది, కూలర్ పెడితే ఆ బరువు తగ్గుతుంది. కంపెనీ మీటర్ ముల్లు చాలా డిగ్రీల దాకా మధ్యలోనే నిలుస్తుంది కాబట్టి అంకెలు చూపే గేజ్ ఒకటి బిగించు.

ఓనర్‌కి కూడా చెప్పు: ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి 15 పీఎస్‌ఐ దగ్గరికి తగ్గిస్తే ఇంజిన్ శ్రమ తగ్గుతుంది. వేడి పెరిగితే ఏసీ ఆపి, బండి ముఖం గాలికి ఎదురుగా తిప్పి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనివ్వాలి. ఆవిరి వచ్చినా, కూలెంట్ కారినా వెంటనే ఆపాలి. వేడి మీద క్యాప్ తెరవనే కూడదు. ఒళ్లు కాలిపోతుంది.

లివా అంటే రుబ్ అల్ ఖాలీ ఎడారి అంచు. మన పనిని నమ్మి మనుషులు అక్కడికి పోతారు. బిల్లు రాసేముందు మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి, బండిని నిలబెట్టీ నడిపీ గేజ్ చూడు. ఆ అంకెలు కాగితం మీద రాసి ఓనర్ చేతిలో పెట్టు. మళ్లీ ఎప్పుడైనా ఆ అంకె పెరిగితే, ముల్లు కదలకముందే అతనికి తెలుస్తుంది.

ఇట్లు,
నీ మామయ్య