జఠరములోని క్రిమి

జఠరమున ఊరు ఆమ్లము మిక్కిలి తీవ్రమైనది. అందు ఏ సూక్ష్మజీవియు బ్రతుకజాలదని వైద్యులు చిరకాలము నమ్మిరి. కడుపులో పుండు పడుటకు మనోవ్యాకులతయు, కారపు తిండియు కారణములని చెప్పుచుండిరి.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్ అను వైద్యుడు, రోగుల జఠరపు పొర తునకలలో వంకరగానున్న క్రిములను సూక్ష్మదర్శినితో చూచెను. బారీ మార్షల్ అను యువవైద్యుడు ఆయనతో చేరెను. ఆ క్రిములను ప్రయోగశాలలో పెంచుటకు చేసిన యత్నములు పలుమారులు విఫలములయ్యెను. క్రిములను వేసిన పళ్ళెములను రెండు దినములు చూచి పారవేయుట నాటి వాడుక. 1982లో ఈస్టరు సెలవులవలన కొన్ని పళ్ళెములు ఐదు దినములు అట్లే యుండిపోయెను. తిరిగివచ్చి చూడగా అందు క్రిములు పెరిగియుండెను! పనిదినములలో దొరకనిది సెలవులలో దొరకినది.

అయినను పెక్కుమంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవమును తానే త్రాగెను. కొలది దినములకే వాంతులు మొదలయ్యెను. జఠరపు పొర వాచెను. పరీక్షింపగా అందు ఆ క్రిములే కానవచ్చెను. పుండు మాత్రము పడలేదు. ఒక్కని సాహసము నిదర్శనమునకు చాలదు గదా! పిమ్మట పెక్కురు రోగులకు క్రిమినాశక ఔషధములిచ్చి చూడగా, మానిన పుండ్లు మరల వచ్చుట మిక్కిలి తగ్గెను. 2005లో ఇరువురికిని నోబెల్ బహుమానము లభించెను.

హెలికోబాక్టర్ పైలోరీ అను ఈ క్రిమి యూరియానుండి అమ్మోనియాను పుట్టించి, తన చుట్టునున్న ఆమ్లమును విరిచివేయును. ఇది సోకినవారిలో పెక్కుమందికి ఎట్టి బాధయు నుండదు. కొందరికే పుండు పడును.