మొదటి 200 కిలోమీటర్లు: ఆగే చోటే జాగ్రత్త

సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున కార్ఖానా, తిరుమలగిరి రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్లకు ఏదో ఒకనాడు 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూరపు సైకిల్ రైడ్ మీదకు మనసు పోతుంది. మన దగ్గర వీటిని హైదరాబాద్ రాండనర్స్ నిర్వహిస్తోంది. దేశం మొత్తానికి ఆడాక్స్ ఇండియా రాండనర్స్ చూసుకుంటుంది. పూర్తిచేసినట్టు ఆమోదం మాత్రం 1921 నుంచి బ్రెవేలు నడుపుతున్న పారిస్ క్లబ్బు, ఆడాక్స్ క్లబ్ పారిజియన్ నుంచి రావాలి. ఇది పందెం కాదు. ముందొచ్చినవాళ్లకు బహుమతి లేదు, ఆఖరున వచ్చినవాళ్లకు నామోషీ లేదు. 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి, దారిలోని కంట్రోళ్లను, అంటే మీరు వచ్చినట్టు నమోదు చేసే చోట్లను, వాటి గడువులోగా దాటాలి. తిండి, నీళ్లు, రిపేరు ఎవరివి వాళ్లే చూసుకోవాలి.

కాళ్లలో సత్తువ లేక గడువు తప్పేవాళ్లకంటే, ఆగిన చోట లేవలేక తప్పేవాళ్లే ఎక్కువని నా నమ్మకం. లెక్క చూడండి. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కితే సైకిల్ మీద పది గంటలు. ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. వేగం 18కి పడిపోతే ఆ మిగులు రెండుగంటల ఇరవై నిమిషాలకు తగ్గిపోతుంది. దాబాలో కూర్చుని ఆర్డరిచ్చి, తిని, ఫోన్ చూసి లేచేసరికి ముప్పావు గంట ఇట్టే అయిపోతుంది. అలా మూడుసార్లు ఆగారంటే చేతిలో ఇంకేం మిగలదు. పొద్దున ఆరింటికి బయల్దేరితే వందో కిలోమీటరు దగ్గరి కంట్రోల్ మధ్యాహ్నం 12:40కి మూసేస్తారు. ఈ సమయాలన్నీ ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కు అంటించుకోండి.

అందుకే సాధనలోనే ఆగడం కూడా సాధన చేయాలి. ఎనిమిది వారాలు చేతిలో ఉంటే చాలు. వారంలో రెండు రోజులు ఆఫీసుకు ముందు గంటసేపు, ఆదివారం ఒక లాంగ్ రైడ్. జేబీఎస్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని అల్వాల్, హకీంపేట మీదుగా శామీర్‌పేట వెళ్లొస్తే సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ మొదలుపెట్టి వారానికి 10, 15 పెంచుకుంటూ పొండి. ప్రజ్ఞాపూర్ దాకా వెళ్లొచ్చేసరికి వంద చేరువవుతుంది. బ్రెవేకు రెండు వారాల ముందు 130, 140 చేయగలిగితే మిగతాది ఓపికతో సాగిపోతుంది. చివరి వారం కాళ్లకు విశ్రాంతివ్వండి. ప్రతి లాంగ్ రైడ్‌లోనూ ఆగిన నిమిషాలు రాసుకోండి. నీళ్లు నింపుకోవడానికి ఐదు, భోజనానికి ఇరవై. అంతకు మించనివ్వకండి.

కొత్త సీటు, కొత్త బూట్లు, కొత్త షార్ట్స్ ఆ రోజే బయటకు తీయకండి. ప్యాడింగ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. వేసుకుంటే ఆ కుట్ల ఒరిపిడికి వందో కిలోమీటరు దాటాక కూర్చోలేరు. హెల్మెట్ తప్పనిసరి. ఆరింటికి బయల్దేరినవాళ్లకు గడువు రాత్రి ఏడున్నర దాకా ఉంటుంది. చలికాలంలో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. కాబట్టి ముందూవెనకా లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ ఉండి తీరాలి.

పంక్చర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. హైవే అంచున పేలిపోయిన లారీ టైర్ల ముక్కలు పడి ఉంటాయి. వాటిలోంచి ఊడిన వెంట్రుకంత సన్నని ఇనుప తీగ మన టైర్లో గుచ్చుకుని, పైకి కనపడకుండా లోపలివైపు ఒక మిల్లీమీటరు పొడుచుకుని ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. టైరు లోపల గుడ్డపీలిక చుట్టూ తిప్పండి. ఎక్కడ పట్టుకుంటే అక్కడే తీగ. వేలితో తడిమితే కోసుకుంటుంది. వెనక చక్రం ఊడదీసి ట్యూబ్ మార్చి బిగించడం ఇంట్లోనే నేర్చుకోండి. రెండు ట్యూబులు, పంపు, టైర్ లివర్లు, ప్యాచ్‌లు వెంట ఉండాలి.

ఆకలి వేసేదాకా తినకుండా ఉండకండి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక పెద్ద అరటిపండు, ఒక పల్లీపట్టీ ఉంటే ఆ గంట గడుస్తుంది. రెండు బాటిళ్లలో ఒకదాంట్లో ఓఆర్‌ఎస్ కలుపుకోండి, ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారమే. పులిహోర పొట్లం జేబులో ఉంటే ఒక దాబా తప్పుతుంది. బిర్యానీ మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి. ఎండలో కడుపు బరువైతే కాళ్లు కదలవు.

ఇక ఉద్యోగం సంగతి. ఆదివారం రైడ్ ఉంటే సోమవారం ఉదయం ముఖ్యమైన మీటింగ్ పెట్టుకోకండి, వీలైతే సగం రోజు సెలవు అడగండి. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా స్టార్ట్ పాయింట్‌కు అస్సలు రావద్దు. శుక్రవారం రాత్రి నిండా నిద్రపోండి, శనివారం రాత్రి ఆత్రంతో ఎలాగూ సరిగా పట్టదు. రైడ్ అయ్యాక ఇంటికి బండి మీరే నడుపుకుంటూ వెళ్లకుండా ఎవరినైనా రమ్మనండి.

మధ్యలో ఆపేయాల్సి రావచ్చు. తల తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతున్నా ఇంకో పది కిలోమీటర్లు చూద్దామనుకోకండి. నీడలోకి వెళ్లి సాయం అడగండి, ఒంటి మీద నీళ్లు పోసుకోండి. ఇంటిదారి పట్టేముందు నిర్వాహకులకు ఫోన్ చేసి, ఏ కిలోమీటరు దగ్గర ఆపారో చెప్పండి. లేకపోతే వాళ్లు చీకట్లో మీకోసం రోడ్డంతా వెతుకుతారు.